మోకాలి లోతు నీళ్ళు

పాలెం,
ఆదివారం.

పూజ్యులైన నాయనకు నీ కూతురు రేవతి నమస్కరించి రాసేది. ఇక్కడ అమ్మ, అవ్వ, నేను ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు వేళకింత తింటూ, తడి బట్టలతో పడుకోకుండా ఆరోగ్యంగా ఉంటావని తలుస్తాను.

"బాగానే ఉండామని ముందే రాయి మే, లేకపోతే చదివేవోడికి గుండె దడదడలాడతాది" అని అవ్వ చెప్పింది. అందుకని రాశాను. మిగతాది చదివాక ఎంత బాగున్నామో నువ్వే తేల్చుకో.

ఉత్తరం ఎందుకు, ఫోన్ ఉంది కదా అంటావేమో. నువ్వు వేటలో ఉంటే సిగ్నల్ ఉండదు. మద్రాసులో కాశిమేడు ఒడ్డుకొచ్చిన రోజు ఫోన్ చేస్తే నువ్వూ అమ్మా పోట్లాడుకోవడానికే సరిపోతుంది. నా వంతు వచ్చేసరికి "బాగా సదువుకో పాపా" అని పెట్టేస్తావు. అందుకే నువ్వు ఉత్తరం రాసి పంపితే నాకు ప్రాణం లేచొచ్చింది. నీ అక్షరాలు రొయ్యల్లా వంకర తిరిగి ఉన్నాయని అవ్వ ఒకటే నవ్వు. తనకు చదవడమే రాదు, నవ్వడానికి మాత్రం ముందుంటుంది. నాతో చదివే షబానా వాళ్ళ నాన్న దరియావలి మామ ఫ్యాన్సీ షాపుకు సరుకు తెచ్చుకోవడానికి మద్రాసు వస్తున్నాడు. ఇది ఆయన చేతికే ఇస్తున్నాను. నువ్వు దొరక్కపోతే హార్బర్ ముందున్న టీ కొట్లో ఇచ్చి పొమ్మన్నాను. అమ్మకు చూపించలేదు. ఎందుకు చూపించలేదో పోను పోనూ తెలుస్తుంది.

నువ్వు అడిగినవాటికి ఒక్కోదానికి జవాబు చెబుతాను. ఒక్కటి మాత్రం చివరికి ఉంచుకుంటాను.

అవ్వ మోకాళ్ళ సంగతి అడిగావు. ఎప్పటిలాగే ఉన్నాయి. నెల్లూరు తీసుకుపోయి చూపిద్దామంటే రానంటుంది. "మన ఇంటిని వెలేసినట్టు ఈ మోకాళ్ళను గూడా వెలేస్తే పీడా పోను, పగలూ రాత్రీ నాతో మాట్లాడతానే ఉండాయి" అంటుంది. అవ్వ కాబట్టి నవ్వుతూ అనగలిగింది. అమ్మ ముందు ఆ మాటెత్తితే చేతిలో ఉన్న గిన్నె ఎటు పోతుందో తెలీదు.

అమ్మ చేపల బేరం మానేసింది. నీకు చెబితే నాలుక కోస్తానంది, అయినా చెబుతున్నాను. ఒడ్డున చేపల వేలంపాట పెట్టేటప్పుడు అమ్మ ఎంత పాడినా విననట్టే ఉంటారు. ఒక రోజు అమ్మ గంప పట్టుకుని చివరిదాకా నిలబడి, ఖాళీ గంపతో ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది. ఆ తర్వాత నుంచి లోపలి ఊళ్ళకు వరినాట్లకు పోతోంది. అక్కడ రైతులకు మన వెలి పట్టదు. చేతకాక మొదట్లో వరసలు వంకరగా నాటితే "సముద్రం అనుకుంటివా తల్లీ, వల ఇసిరినట్టు ఇసురుతుండావు" అని పక్క ఆడవాళ్ళు నవ్వారట. నవ్వినా సరే, మాట్లాడారు కదా అంది అమ్మ. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తింది.

బోటు సంగతి. వాయుగుండం వచ్చినప్పుడు అలలు సరుగుడు తోపు దాకా కొట్టాయి. పాలెమంతా కలిసి ఒక్కో బోటే పైకి లాగారు. మనదాని దగ్గరికొచ్చేసరికి మోకు కింద పడేసి అవతలి బోటు దగ్గరికి వెళ్ళిపోయారు. అమ్మ, అవ్వ, నేను ముగ్గురం భుజాలు పెట్టి తోశాం. జానెడు కదిలితే ఒట్టు. అవ్వ ముందు బోటును తిట్టింది, తర్వాత నిన్ను తిట్టింది, తర్వాత ఇసకలో కూలబడి ఏడ్చింది. తెల్లారి చూస్తే బోటు సరుగుడు చెట్ల మొదట్లో ఉంది, మోకు రెండు చెట్లకు కట్టేసి ఉంది. ఎవరు లాగారో తెలీదు. ఎవరైనా చెబుదామన్నా మనతో మాట్లాడకూడదాయె! నువ్వు బోటు గురించి బెంగ పెట్టుకోవద్దు, క్షేమంగా ఉంది.

ఇక బడి. "బడిలో సంతోషంగా ఉండావా పాపా, నీ జతగత్తెలు బాగుండారా" అని రాశావు. చివరికి ఉంచుకుంటానన్నది ఇదే. దీనికి జవాబు చెప్పాలంటే నువ్వు వెళ్ళిన రోజు నుంచి రాయాలి.

రొయ్యల గుంటల మురుగు కాలవలోకి వదిలేస్తున్నారని నువ్వు పాలెం పెద్దల్ని దాటి సర్కారు ఆఫీసులో అర్జీ ఇచ్చావు. మేం మాట్లాడుకుంటాం, నువ్వు గమ్మునుండు అని పెద్దల తరపున ముత్యాలయ్య తాత చెప్పినా వినలేదు. పాలెం మాట పాలెం దాటించావు కాబట్టి గుడి ముందు నిలబడి, భుజం మీది కండువా చేతిలోకి తీసుకుని, తప్పయిందని చెప్పమన్నారు. నువ్వు చెప్పలేదు. మన ఇంటిని వెలేశారు. పాలెంలో ఎవరూ మనతో మాట్లాడకూడదు, ఇచ్చిపుచ్చుకోకూడదు. నువ్వు సంచీ సర్దుకుని కాశిమేడులో బోటెక్కావు. నువ్వు చేసింది తప్పని నేననను నాయనా. కాలవలో పీతలు వెల్లకిలా తేలిన రోజు నేను నీ పక్కనే ఉన్నాను. కానీ నువ్వు ఆ తీర్పు ఒక్కసారి విని వెళ్ళిపోయావు. మేం రోజూ అందులోనే కాపురముంటున్నాం.

పెద్దవాళ్ళ గొడవ పెద్దవాళ్ళకే, బడికీ దీనికీ ఏం సంబంధం అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడు. మన పాలెం పిల్లలందరం పెంచలకృష్ణన్న ఆటోలోనే కదా అల్లూరు హైస్కూలుకు పోయేది. చదువు సర్కారుది గనక నన్ను ఆటో ఎక్కించుకోవచ్చు, మాట మాత్రం ఆడకూడదు అని పెద్దలు తేల్చారు. అంత దయ! పెంచలకృష్ణన్న నోరు నీకు తెలుసు. నేను ఎక్కితే చాలు "టెన్త్ మేడం వొచ్చినాది, జరగండ్రా పిల్లకాయలూ" అని అరిచేవాడు. ఇప్పుడు నేను ఎక్కేదాకా ఆగుతాడు, అద్దంలో ఒకసారి చూస్తాడు, బండి తీస్తాడు.

ఇదివరకు ఆ ఆటోలో వెనక వైపు, కాళ్ళు బయటికి వేలాడేసుకుని నేనూ కామాక్షీ కూర్చునేవాళ్ళం. నరసయ్య మామ కూతురు కామాక్షి పలకా బలపం నాటి నుంచి నా పక్కనే. ఆ ఆటోలో మేం ఏం మాట్లాడుకునేవాళ్ళమో ఒక్క ముక్క గుర్తు లేదు. వాళ్ళ అన్న వెంకటేష్ మీసాలకు ఆముదం రాసుకుంటున్నాడని ఒకరోజు అల్లూరు దాకా నవ్వాం, అదొక్కటే గుర్తుంది. మధ్యాహ్నం బళ్ళో పెట్టే గుడ్డు తనది పచ్చసొన నాకు, నాది తెల్లసొన తనకు. అంతే. సంతోషంగా ఉన్నావా అని అప్పుడెవరైనా అడిగితే ఇదేం ప్రశ్న అని ఎగాదిగా చూసేదాన్ని.

వెలేసిన మర్నాడు కామాక్షి నా పక్కనే కూర్చుంది. నేను మామూలుగా మాట్లాడుతూ పోతున్నాను. తను రెండు పెదాలూ లోపలికి మడిచి పళ్ళతో బిగబట్టుకుంది. బిగబట్టుకునే ఏడ్చింది. అప్పుడు నాకు అర్థమైంది.

నా నోరు ఊరుకునే రకం కాదని నీకు తెలుసు. అన్నం లేకపోయినా ఉండగలను గానీ మాట లేకుండా ఉండలేను. బడిలో రైతుల పిల్లలున్నారు, బజారు వాళ్ళ పిల్లలున్నారు, వాళ్ళు నాతో బాగానే మాట్లాడతారు. మాట్లాడతారు గానీ, అయ్యో పాపం అన్నట్టు మాట్లాడతారు. నా మీద జోకులేసేవాళ్ళు, నన్ను తిట్టేవాళ్ళు, నా జడ లాగేవాళ్ళు అందరూ మన పాలెం వాళ్ళే. వాళ్ళందరూ నన్ను దాటి పక్కవాళ్ళను పిలుస్తుంటే నేను లోపల ఒక్కదాన్నే అయిపోయేదాన్ని.

ఒక రోజు అన్నాల దగ్గర షబానా వచ్చి మా ఇద్దరి మధ్యన చతికిలబడింది. "నాకు మీ కట్టుబాటు లేదు గదా. చెప్పండమ్మా, ఎవరికి ఏం కావాలో" అంది. కామాక్షి ఒక నిమిషం ఆలోచించి, "షబానా, దాని గుడ్డులో పచ్చసొన ఈరోజు నాకిమ్మని చెప్పు" అంది. నేను "షబానా, పచ్చసొన నాదే, తెల్లది దానిది, మతి పోయిందా అని అడుగు" అన్నాను. షబానా ఇటు తిరిగి చెబుతుంది, అటు తిరిగి చెబుతుంది. మధ్యలో తన సొంత మాటలు రెండు కలుపుతుంది. ఒకసారి నేను అననే లేదు, "నీ మొహం కోతి మొహంలా ఉందంట" అని చెప్పేసింది. కామాక్షి అన్నం మెతుకులు ఎగజిమ్మేట్టు నవ్వింది. అట్లా కొన్నాళ్ళు గడిచాయి. ఇదీ బాగానే ఉందే, పాలెం పెద్దలకంటే మేమే తెలివైనవాళ్ళం అనుకున్నాం.

ఎవరు చేరవేశారో, పెద్దలకు తెలిసింది. మూడో మనిషి నోటి గుండా పోయినా మాట మాటే అన్నారు. నరసయ్య మామ బోటు అమావాస్య దాకా సముద్రంలోకి దిగకూడదన్నారు. చేపలు బాగా పడుతున్న రోజులు. ఊరి బోట్లన్నీ వెళ్ళి వస్తుంటే మామ ఒడ్డున కూర్చుని బాగున్న వలనే మళ్ళీ బాగుచేస్తూ ఉండేవాడు. కామాక్షి వాళ్ళమ్మ మన ఇంటివైపు తిరిగి, గాలికి చెప్పినట్టు గట్టిగా అరిచింది. "ఇంకొక్క తూరి ఈ మాట వినపడిందా, బడి మాన్పించి రొయ్యల కంపెనీలో తలలు తుంచే పనికి పంపిస్తా. నాకు పదో తరగతీ వద్దు, ఏం వద్దు!" ఆమెను తప్పు పట్టలేను. నాకు వినపడాలనే అరిచింది. వినపడింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం నేనే వెళ్ళి కొళాయి దగ్గర ఒక్కదాన్నే కూర్చున్నాను. షబానా వస్తే కసిరి పంపేశాను.

షమీమ్ టీచర్ నన్ను గమనించి ఒక ఆదివారం బస్సెక్కి పాలెం వచ్చింది. ముత్యాలయ్య తాత కుర్చీ వేయించాడు, కూల్ డ్రింక్ తెప్పించాడు. టీచర్ చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. "మీరు సదువు బాగా సెప్తుండారంట తల్లీ, సెప్పండి. పాలెం సంగతి పాలెం చూసుకుంటాది" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అంతే. టీచర్ మనింటికొచ్చి మంచం మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "నేనేం చెయ్యగలను రేవతీ" అంది. సోషల్ చెప్పేది ఆమే, హక్కుల పాఠం ఎంత బాగా చెబుతుందో! కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే నేనే ఓదార్చి బస్సెక్కించి వచ్చాను.

ఆ సాయంత్రం అవ్వ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పింది. వెలి ఒడ్డు మీదే గానీ నీళ్ళ మీద లేదట. సముద్రంలో ఉన్నవాడు పిలిస్తే పగవాడైనా సరే పలకాలట. తన తాత కాలంలో వెలివేసిన మనిషి తెప్ప తిరగబడితే, అతన్ని వెలేసిన పెద్దే వెళ్ళి లాక్కొచ్చాడట. "సముద్రంలో అందరిదీ ఒకే బతుకు మే" అంది అవ్వ. ఏదో పాత కథ చెప్పి నన్ను పడుకోబెడదామనుకుంది, పాపం.

నేను పడుకుంటానా? మర్నాడు కామాక్షి నీళ్ళలో దిగి వల జాడిస్తుంటే నేనూ కొంచెం దూరంలో దిగాను. మోకాళ్ళ దాకా రాగానే "ఓ కామాక్షీ" అని పిలిచాను. తను ఉలిక్కిపడి ఒడ్డువైపు చూసింది, నా వైపు చూసింది, నా మోకాళ్ళ వైపు చూసింది. ఆ మాట వాళ్ళ ఇంట్లోనూ ఎవరో చెప్పే ఉంటారు. "ఓ" అంది. అంతే నాయనా, ఇద్దరం వలను అటొక కొన ఇటొక కొన పట్టుకుని చీకటి పడేదాకా వాగుతూనే ఉన్నాం. లెక్కలు, షబానా కొత్త కళ్ళజోడు, వెంకటేష్ మీసాలు, అన్నీ. కాళ్ళు నానిపోయి తెల్లగా ముడతలు పడ్డాయి. ఆ వారమంతా సాయంత్రం ఎప్పుడవుతుందా అని బడిలో బల్ల కింద కాళ్ళు ఊపుతూ కూర్చున్నాను. రోజూ తడిసిన బట్టలు చూసి అమ్మ ఏమీ అనలేదు. తెలిసే అనలేదనుకుంటాను.

తర్వాత ముత్యాలయ్య తాత ఒడ్డుకొచ్చాడు. "కాళ్ళు తడుపుకునే దానికి సముద్రమని పేరా? మునిగేవోడు పిలిస్తే పలకమన్నారు గానీ ముచ్చట్లకు కాదు. ఆపదుంటేనే ఆ మాట" అని కామాక్షితో అన్నాడు. అవ్వ కర్ర పోటేసుకుంటూ ఇసకలో అడ్డం వచ్చింది. "మోకాలు తడిస్తే సముద్రమే అబయా! ఆ మాట నీ నాయన నోటంటే విన్నా నేను!" అంది. అవ్వతో మాట్లాడకూడదు కదా, అందుకని తాత పక్కనున్న కుక్కకు చెప్పాడు. "మా నాయన కాలం వేరు" అని. కుక్క తోక ఊపింది. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ అప్పుడు అవ్వ పెదాలు వణికాయి. కామాక్షి వలను చుట్టుకుని, నా వైపు చూడకుండా నీళ్ళలోంచి నడిచి వెళ్ళిపోయింది.

నాయనా, ఇక్కడి నుంచి కూర్చుని చదువు. నీకు చెప్పొద్దని అమ్మ తన తల మీద నా చేత ఒట్టు వేయించుకుంది. నోటితో చెప్పనని వేశాను, రాయనని వేయలేదు. నాకు ఇట్లాంటి తెలివితేటలే మిగిలాయి ఇప్పుడు.

పోయిన గురువారం సాయంత్రం నేను మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళాను. చావాలని కాదు. పోలేరమ్మ తోడు, నాకు చావాలని లేదు. ఆపదలో ఉన్నవాళ్ళు పిలిస్తే పలకాలన్నారు కదా, కొంచెం ఆపదలో ఉందామనుకున్నాను. నువ్వు నేర్పిన ఈత ఉందిలే, మెడ లోతుకు వెళ్ళి పిలిస్తే ఎవరూ తప్పనరులే అనుకున్నాను. ఈ నెలల్లో సముద్రం ఎట్లా ఉంటుందో నీ కూతురినై ఉండి మర్చిపోయాను. మెడ లోతుకు వెళ్ళి కామాక్షీ అని పిలిచాను. ఆ పిలుపు నాటకమే. వెంటనే కాళ్ళ కింద ఇసక జారిపోయింది, నీళ్ళు నన్ను లోపలికి లాక్కున్నాయి. రెండోసారి పిలిచింది నాటకం కాదు.

ఒడ్డున ఉన్న కామాక్షి నా పేరు పెట్టి కేక వేసింది. ఆ కేకకు పాలెమంతా వచ్చింది. నరసయ్య మామ, వెంకటేష్ దూకారు. పెంచలకృష్ణన్న ఆటో ఇసకలోకే తోలుకొచ్చి దూకాడు. ముత్యాలయ్య తాత ఆ వయసులో పంచెతోనే నడుం లోతుకు దిగి "చెయ్యి పట్టుకో తల్లీ, భయం లేదు, మేముండాం, మేముండాం" అని గొంతు చించుకుని అరిచాడు. అందరూ నా పేరే పిలుస్తున్నారు. రేవతీ, ఓ పాపా, ఓ రేవతీ అని. నీళ్ళు మింగుతూ, ముక్కులో ఉప్పు మండుతూ, ఊపిరాడక కొట్టుకుంటూ కూడా నాకు అదే వినపడింది. సిగ్గు లేదు నాకు, ఆ నిమిషంలో సంతోషం వేసింది.

నరసయ్య మామ నన్ను భుజాన వేసుకుని ఒడ్డుకు నడిచాడు. నడుం లోతులో బూతులు తిట్టాడు. మోకాలి లోతులో "మీ నాయన మొహం ఎట్టా చూసేదిరా దేవుడా" అని ఏడ్చాడు. చీలమండల లోతుకొచ్చేసరికి "అన్నం తిన్నావా, ఒళ్ళు ఇంత సన్నంగా" అన్నాడు. మాట పూర్తి కాలేదు. కాలు పొడి ఇసక మీద పడింది. నన్ను దించి, నోరు మూసుకుని పక్కకు జరిగాడు. అందరూ జరిగారు. అప్పటిదాకా అంత గోల, ఒక్కసారిగా అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. ముత్యాలయ్య తాత పెదాలు ఏదో అనబోయి ఆగాయి. ఆయన సముద్రం వైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు. కామాక్షి తడి బట్టలతో నిలబడి రెండు పెదాలూ లోపలికి మడుచుకుంది. అమ్మ పొలం నుంచి బురద కాళ్ళతో పరిగెత్తి వచ్చేదాకా నన్ను ఎవరూ ముట్టుకోలేదు.

అమ్మ నన్ను కొట్టింది. తర్వాత పట్టుకుంది. ఇంక నీళ్ళలో కాలు పెట్టనని అవ్వ నాచేత ప్రమాణం చేయించింది. నాకు అదొక్కటే దారి ఉండేది నాయనా, అదీ మూసుకుపోయింది.

ఈ కాగితానికి ముందు రెండు కాగితాలు చింపేశాను. ఒకదాంట్లో వచ్చి తప్పయిందని చెప్పు నాయనా, ఒక్క మాటే కదా అని రాశాను. రాశాక వెల్లకిలా తేలిన పీతలు గుర్తొచ్చి చింపేశాను. ఇంకోదాంట్లో ఎన్నేళ్ళయినా చెప్పొద్దు అని రాశాను. అది రాస్తుంటే కొళాయి దగ్గర ఒక్కదాన్నే తినే అన్నం గుర్తొచ్చి దాన్నీ చింపేశాను. నాకేం చెయ్యాలో తెలీదు. నీకూ తెలీదనే అనుకుంటున్నాను. తెలిస్తే ఈపాటికి చేసి ఉండేవాడివి.

శుక్రవారం జ్వరంతో పడుకున్నాను. నిన్న శనివారం బడికి వెళ్ళాను. ఆటోలో ఎవరూ ఏమీ అనలేదు, అనకూడదు కదా. కామాక్షి నా పక్కన చోటు ఖాళీగా ఉంటే వచ్చి కూర్చుంది. కాలవ వంతెన దాటాక నీళ్ళ బాటిల్ మూత తీసింది. దాహమేమో అనుకున్నాను. తను చెప్పులు విడిచి, బాటిల్ వంచి, ఆటోలో మా కాళ్ళ దగ్గర నీళ్ళు పోసింది. మొత్తం పోసేసింది. నేను బిత్తరపోయి చూస్తుంటే కాలి బొటనవేలితో నా చెప్పు ఊడదీసింది. నా పాదం, తన పాదం రెండూ ఆ నీళ్ళలో ఉన్నాయి. తను ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ "రేవతీ" అంది.

నేను పలకకూడదు. పలికితే ఎవరో ఒకరు చెబుతారు, చెబితే కామాక్షి బడి పోతుంది, రొయ్యల తలలు తుంచుకుంటూ ఉంటుంది. అవన్నీ నాకు తెలుసు నాయనా. తెలిసే "ఓ" అన్నాను.

"జరం తగ్గినాదా?"

"తగ్గినాది."

"ఇంకోసారి అట్టా చేస్తే నేనే చంపుతా మే నిన్ను."

"చంపు."

"నీళ్ళు తాగినావా శానా?"

"సముద్రం సగం తాగినా. మీ నాయన బోటు రేపు ఇసకలోనే నడవాల."

తను నవ్వు ఆపుకోలేక మోకాళ్ళలో తల పెట్టుకుంది. చిన్న తరగతుల పిల్లలు నీళ్ళలోంచి కాళ్ళు పైకి ఎత్తుకుని మమ్మల్నే చూస్తున్నారు. తలెత్తితే అద్దంలో పెంచలకృష్ణన్న కళ్ళు. ఆయన చెయ్యెత్తి అద్దాన్ని ఆటో పైకప్పు వైపు తిప్పేశాడు. బండి మెల్లగా, నడిచేవాళ్ళు దాటిపోయేంత మెల్లగా పోనిచ్చాడు. ఆయన చెబుతాడో చెప్పడో, పిల్లలు చెబుతారో, రేపు సోమవారం నా పక్కన కామాక్షి ఉంటుందో ఉండదో నాకేమీ తెలీదు.

బడిలో సంతోషంగా ఉన్నావా అని అడిగావు కదా. ఎండకు అల్లూరు చేరేలోపే ఆ నీళ్ళు ఆరిపోయాయి. ఆరేదాకా ఉన్నాను నాయనా.

ఇట్లు,
నువ్వు పిలిస్తే పలికేందుకు ఒడ్డునే ఉన్న
నీ కూతురు
రేవతి